దుబాయ్ నుంచి ఇంటికొచ్చే కార్గో పెట్టె: వాడినోళ్ల మాట

కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ దిక్కు ఆడోళ్లు నన్ను ఎక్కువ అడిగేది ఒక్కటే. దుబాయ్‌ల ఏ కార్గోల వెయ్యమని చెప్పాలె, పెట్టె నిజంగ ఇల్లు చేరుతదా అని. మా ఆయన దుబాయ్‌ల స్కాఫోల్డింగ్ పని చేస్తడు, అంటే కట్టే బిల్డింగులకు ఇనుప పైపుల మంచెలు ఎత్తుమీద బిగిచ్చే పని. ఉండేది సోనాపూర్‌ల లేబర్ క్యాంపు. అక్కడికి పోయిన కాడి నుంచి ఆయన పంపిన పెట్టెలన్నీ ఒక్క కంపెనీ మీదనే వచ్చినయ్. వాళ్లకు దుబాయ్ లోపలి దేరా అనే జాగల ఆఫీసున్నది, హైదరాబాద్‌ల గోదాం ఉన్నది. మంచి, చెడు రెండూ చెప్పేదున్నది గాబట్టి పేరు మాత్రం రాస్తలేను. ఈ కంపెనీలు నడిచే తీరు ఇంచుమించు ఒక్కటే, అందుకే నేను చెప్పేది ఎవలకైనా పనికొస్తది.

పెట్టె మొదలయ్యేది అక్కడి సెలవు దినం నాడు. ఇదివరకు మా ఆయనకు శుక్రవారం సెలవుండేది. 2022 జనవరి నుంచి అక్కడి సర్కారు సెలవును శని, ఆదివారాలకు మార్చింది. ఆ తర్వాత మా ఆయన పని చేసే కంపెనీ కూడ ఆదివారానికి మారింది. నాకైతే అది చాన మేలయింది. శుక్రవారం పొద్దుగాల పిల్లలు బడికి పోయేటోళ్లు, వాళ్ల నాయిన అక్కడ ఖాళీగ కూసుండేటోడు. ఇప్పుడు ఇద్దరికీ ఒక్కనాడే సెలవు. పెట్టె కట్టే ఆదివారమైతే ఫోన్‌ను మంచం మీద నిలవెట్టి, ఒక్కొక్క సామాను చూపిచ్చుకుంట లోపల పెడ్తడు. "ఇది మీ నాయినమ్మకు. ఇది అత్తకు. ఇది ఎవలకో చెప్పు చూద్దాం?" అని పిల్లలను అడుగుతడు. దానికి పర్మిషన్ ఉన్న యాప్‌ల మాట్లాడుకుంటం, ఎందుకంటే అక్కడ వాట్సాప్‌ల కాల్స్ నడువయ్. వాయిస్ మెసేజ్‌లైతే పోతయ్, వస్తయ్.

సాయంత్రం కార్గో వ్యాను క్యాంపు గేటు కాడికి వస్తది. తూకమేసి, బిల్లు రాసి తీస్కపోతరు. పైసలు అక్కడ్నే కట్టుడు. ఇంటి కాడ మళ్ల అడిగితే ఒక్క రూపాయి ఇయ్యకుండ్రి. ముందుగాల బిల్లు ఫొటో తెప్పిచ్చుకొని ఖర్చులన్నీ కలిపి రాసిండ్రా లేదా చూసుకోండ్రి.

తూకం కాడ ఒక సంగతి తెల్వక చాలామంది లడాయి పెట్టుకుంటరు. విమానంల పంపితే బరువు ఒక్కటే చూడరు, పెట్టె ఎంత జాగ పడ్తదో కూడ చూస్తరు. పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లల కొలిచి, మూడింటిని గుణించి, 6000 తోటి భాగిస్తరు. కొరియరోళ్లైతే 5000 తోటి. వచ్చిన లెక్క అసలు బరువు కన్న ఎక్కువుంటే ఆ లెక్కకే పైసలు. అంటే 60, 50, 50 ఉన్న పెట్టె 25 కిలోల కింద లెక్కకొస్తది, లోపల 18 కిలోలే ఉన్నా సరే. బ్లాంకెట్లు పంపేటోళ్లు మోసపోయినమనుకునేది ఇక్కడ్నే. మోసం కాదు, లెక్క అది. బ్లాంకెట్లను ఓడ మీద పంపమనుండ్రి. విమానంల పంపేదుంటే చిన్న పెట్టెల బరువు సామాన్లు పెట్టమనుండ్రి.

ఓడ పెట్టె దుబాయ్ దిక్కు జెబెల్ అలీ పోర్టుల ఎక్కి ముంబై దిక్కు వస్తది. అక్కడ కస్టమ్స్ అయినంక లారీ మీద హైదరాబాద్, ఆడికెళ్లి మాకు. నెల దాటుతది, ఒక్కోసారి నెలన్నర. విమానం పెట్టె శంషాబాద్‌ల దిగి పది పన్నెండు దినాలల్ల ఇల్లు చేరుతది, కానీ రేటు ఎక్కువ. నేను ఓడకే ఓటేస్త. మాకు తొందర సామాన్లు ఏమున్నయ్? సెంటు సీసాలు, బ్యాటరీ ఉన్న లైట్లు విమానంల ఊకె తీసుకోరు కూడ.

పెట్టె తోవల ఉన్నన్ని దినాలు అది యాడిదాక వచ్చిందని రోజూ మా మధ్య మాట నడుస్తది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండల పని చేయించొద్దని అక్కడ రూలున్నది. 2005 సంది ఉన్నదట. మన గడియారంల అది రెండు నుంచి నాలుగున్నర. ఆ టైంకు నేను చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తుంట. చేతులకు తంబాకు ఉంటది గాబట్టి మోచేతి తోటి ఫోన్ నొక్కి ఆయన వాయిస్ మెసేజ్ వింట. "ముంబైల ఉన్నదని చూపిస్తుంది, నువ్వొకసారి గోదాంకు ఫోన్ చెయ్యి" అంటడు. బిల్లు మీది నంబరు కొడితే పెట్టె యాడున్నదో చూపియ్యాలె, కానీ వాళ్ల వెబ్‌సైటుల ముంబై అని పడ్డంక వారాలకు వారాలు అదే ఉంటది. ఫోనే నయం. గోదాంల ఫోనెత్తే పిల్ల ఎన్నిసార్లు అడిగినా ఇసుక్కోదు. "అక్కా, కంటైనర్ ఇంకా ఇప్పలేదు, ఇప్పినంక నేనే చేస్త" అంటది, అన్నట్టే చేస్తది. ఆ పిల్లకు నా తరఫున పూర్తి మార్కులు.

ఇగ లోపలి సామాను. ట్యాంగ్, నీడో పాలపొడి, యాక్స్ నూనె, సబ్బులు, ఖర్జూరపండ్లు, బాదం, పిస్తా. అందరి ఇండ్లకు వచ్చేటివే. వీటిల్ల సగం ఇప్పుడు కోరుట్లల కూడ దొరుకుతయ్, దొరికేటివి పంపొద్దని ఆయనకు చెప్పిన. వినడు. మా అత్తమ్మ మోకాళ్లకు దుబాయ్ నుంచి వచ్చిన యాక్స్ నూనె రాసుకుంటెనే నొప్పి తగ్గుతదంటది, కొడుకు పంపింది గద.

నాకు అన్నిటికన్న ముఖ్యమైనవి పిల్లల బూట్లు. ఇవి ఎట్ల పంపుతడో చెప్త, మీకూ పనికొస్తది. పిల్లగాన్ని తెల్లకాయితం మీద నిలవెట్టి పాదం చుట్టూ పెన్సిల్ తోటి గీత గీస్త. పక్కన బడి స్కేలు పెట్టి ఫొటో తీసి పంపుత. ఆయన అక్కడ అదే కొలతకు అట్ట ముక్క కత్తిరిచ్చుకొని దుకాణంకు పట్టుకపోతడు. మొదటిసారి సరిగ్గ అదే సైజు కొన్నడు, ఇంటికొచ్చేటాలకు బిగుతు. పెట్టె ఓడల ఉన్నన్ని దినాలు కూడ పాదం పెరుగుతది గద! అప్పటి నుంచి ఒక వేలు ఎక్కువ పెట్టి కొంటడు. ఇప్పుడైతే సరిపోతున్నయ్. అట్ట ముక్కలు పారెయ్యకుండ దిండు కింద దాచిపెట్టిండని ఆయన రూమ్‌ల ఉండే నందిపేట తమ్ముడు చెప్పిండు.

ఇది ఎందుకు చెప్తున్ననంటే, మా దిక్కు ఒక మాట ఉన్నది. పెట్టెలు వస్తున్నయంటే మనిషి ఇప్పట్ల రాడని. మా ఇంటికి పెట్టె వచ్చిన ప్రతిసారి ఎవలో ఒకలు అంటనే ఉంటరు. ఒకామె అయితే ఇంకా ముందుకు పోయి, అక్కడ ఇంకో సంసారం లేకుంట ఇన్నేండ్లు ఎట్లుంటడని నా ముంగటనే అన్నది. నేను ఆమె తోటి వాదం పెట్టుకోలే. పెట్టె ఇప్పిన, బూట్లు తీసిన, పిల్లగానికి తొడిగిన. ఆరోతరగతి పిల్లగాని పాదం ఎంతున్నదో తెల్సిన మనిషి ఎక్కడికి పోతడు? నా నమ్మకం ఎవలో చెప్తే వచ్చింది కాదు, ఎవలో అంటే పోయేది కాదు. ఆయన మా కోసం ఏం గుర్తువెట్టుకుంటున్నడో పెట్టె పెట్టెకు చూస్తున్న.

కానీ బెంగ అట్ల కాదు. నమ్మకం ఉన్నంత మాత్రాన బెంగ తగ్గదు, అది చెప్పుకోవాలె. పెట్టె వచ్చిన దినం ఇల్లంత పండుగ. ఆడిబిడ్డ వస్తది, మరిది పిల్లలు వస్తరు, ఎవల కవరు వాళ్లకు ముట్టజెప్త. పొద్దుగూకేటాలకు అందరూ పోతరు, అట్టపెట్టె ఖాళీ అయితది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టది. మిగిలిన దినాలల్ల పని మీద పని పడి తెల్లారుతది గానీ, పెట్టె వచ్చిన రాత్రి మాత్రం ఆయన లేని సంగతి ఇంట్ల ఏ మూలకు పోయినా కనవడ్తది. బతుకమ్మ పండుగకు ముందు వచ్చిన పెట్టె అయితే మరీ కష్టం. సద్దుల నాటికి ఊళ్లె మగోళ్లందరు గునుగు పువ్వుకు చెలకల దిక్కు పోతరు. మా ఇంటి పువ్వు మరిది తెస్తడు. తెస్తడు, కాదంటలేను.

ఇప్పుడు ఫిర్యాదులు. రెండున్నయ్.

మొదటిది తాడు సంగతి. మా ఆయన దుబాయ్ పోకముందు పసుపు పండిచ్చెటోడు. బోర్లు ఎండి, ధర పడి, అప్పులై పోయిండు గానీ, పసుపు బస్తా మూతికి ఏసే ముడి చేతిల అట్లనే ఉన్నది. ప్లాస్టిక్ తాడు పెట్టెకు నిలువుగ రెండు, అడ్డంగ రెండు చుట్లు తిప్పి, నడుమ అదే ముడి ఏస్తడు. ఎంత గుంజితే అంత బిగుస్తది. కొస యాడున్నదో తెల్సినోళ్లు పట్టి గుంజితే ఒక్కపారి ఇప్పుకుంటది. అది మా ఇంట్ల నాకు, ఆయనకు తప్ప ఎవలకూ తెల్వది. పెట్టె దిగినంక నేను మొదలు చూసేది ఆ ముడినే. అది ఉన్నదంటే ఆయనే కట్టిండు, బాగనే ఉన్నడు, చేతులు మంచిగ ఉన్నయ్. స్కాఫోల్డింగ్ పని చేసేటోళ్ల ఇండ్లల్ల ఈ చివరి మాట అర్థమైతది. రాత్రికి ఆయన అడిగేది కూడ గదే: "ఇప్పినవా, కోసినవా?" "ఇప్పిన" అంట.

ఒకసారి పెట్టె ముడి లేకుంట వచ్చింది. తాడు కోసేసి, పసుపుపచ్చ పట్టీలు బిగిచ్చి, కొత్త టేపు ఏసిండ్రు. నా గుండె ఆగినంత పనైంది. ఆయనకేమన్న అయితే రూమోళ్లు కట్టి పంపిండ్రా అనుకున్న. ఫోన్ చేస్తే డ్యూటీల ఉన్నడు, ఎత్తలే. రాత్రి ఆయన మాట విన్నదాక నేను ఆ పెట్టెను ముట్టలే. తర్వాత తెల్సింది, కస్టమ్స్‌ల తెరిచి చూసి కార్గోళ్లు మళ్ల కట్టిండ్రని. తెరుసుడు వాళ్ల హక్కు, సామాన్లు ఏం ఎక్కువతక్కువ కాలే, అన్నీ లెక్కకున్నయ్. కానీ కార్గోళ్లు పెట్టె మీద ఒక చీటి అతికిస్తే అయిపోతుండె, కస్టమ్స్ చూసింది, మేము మళ్ల కట్టినం అని. లేకుంటె ఫోన్‌ల ఒక్క మాట. గోదాంకు ఫోన్ చేసి ఇదే చెప్పిన. సరే అన్నరు. ఆ తర్వాత మావి మళ్ల తెరుసుడు జరుగలేదు, అందుకే చీటి పెట్టుడు మొదలైందో లేదో నేను చెప్పలేను.

రెండోది ఇల్లు చేర్చుడు. డోర్ టు డోర్ అని బిల్లు మీద ఉంటది. డ్రైవరేమో కోరుట్ల బస్టాండ్ కాడ ఆగి "అక్కా, ఆటో తీసుకొని రాండ్రి, ఊళ్లెకు రోడ్డు మంచిగ లేదు" అంటడు. ఒప్పుకోకుండ్రి. బిల్లు ఫొటో పంపి ఇంటి కాడికే తెమ్మనుండ్రి, వస్తరు. గట్టిగ అడిగినోళ్లకు వస్తరు, అడుగనోళ్లను బస్టాండ్ కాడికి పిలుస్తరు. ఒక్కతే ఉండే ఆడామె, ముసలమ్మ, ఇసొంటోళ్లే దీనికి నష్టపోతున్నరు. ఇది నాకు అసలు నచ్చలేదు.

అదే డ్రైవర్ల మంచి పద్ధతి ఒకటి చెప్పకపోతే తప్పయితది. బయలెల్లే ముందు ఫోన్ చేసి, మొదటి మాటనే పంపినాయన పేరు చెప్పి, "మీ ఆయన పంపిన సామాను తెస్తున్నం అక్కా" అంటరు. శంషాబాద్ కార్గోల దిగేటివి బ్లాంకెట్లు, పాలపొడి డబ్బాలే కావు. గల్ఫ్‌ల చనిపోయిన మనోళ్లు కూడ అదే తోవల వస్తరు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ దిక్కు ఇది తెల్వని ఊరు లేదు. మా పక్క ఊరికి అట్ల అంబులెన్స్ వచ్చినప్పటి నుంచి, తెల్వని బండి వాడకట్టుల ఆగితే ఆడోళ్లందరం గడప కాడికి వస్తం. అందుకే ఆ మొదటి మాటకు ఎంత విలువున్నదో డ్రైవర్లకు తెల్సు. ఏ కార్గో అయినా ఇట్లనే చెయ్యాలె.

ఈ యాసంగిల వచ్చిన పెట్టె మాత్రం వేరే తీరు పెట్టె, దాని గురించి వివరంగ రాస్త. ట్యాంగ్ లేదు, బ్లాంకెట్ లేదు. ఆయన చలికోటు, రెండు జతల బట్టలు, అన్నం వండుకునే కుక్కరు, తిన్న కంచం, ఇస్త్రీ పెట్టె. నడుమల బూట్ల అట్ట ముక్కలన్నీ ఒక రబ్బరు బ్యాండు పెట్టి ఉన్నయ్. నేను చాన సేపు ఆ కంచం చేతిల పట్టుకొని కూసున్న. అంచు ఒక దిక్కు సొట్ట, వెనుక గోరుతోటి గీకి ఆయన పేరు మొదటి అక్షరం. క్యాంపు మెస్సుల పోకుంట పెట్టుకున్న గుర్తు. ఇన్నేండ్లు ఆయన అన్నం తిన్న కంచాన్ని నేను ఫోన్‌ల కూడ ఎన్నడూ చూడలే.

వీసా క్యాన్సిల్ చేసుకొని మొత్తానికే ఇంటికి వచ్చేటోళ్లు ఇట్లనే సామాను ముందుగాల పంపుతరు. విమానంల టికెట్‌ను బట్టి 20, 30 కిలోలకు మించి తెచ్చుకోనియ్యరు, ఇన్నేండ్ల సామాను అందుల పట్టది. మా అత్తమ్మ ఆ కుక్కరు చూసి ఏమీ అనలే, లేచి దేవుని గూట్లె దీపం పెట్టింది.

ఈ పెట్టె వేసేటోళ్లు ఒక్క జాగ్రత్త తీసుకోవాలె. సామాను పోయినంక మనిషి అక్కడ కొన్ని దినాలు ఉండవలసి వస్తది, సర్వీసు పైసల కోసం. అక్కడి చట్టం లెక్కన ఏడాది దాటినోళ్లకు మొదటి 5 ఏండ్ల సర్వీసుకు ఏడాదికి 21 దినాల బేసిక్ జీతం, ఆ మీది ఏండ్లకు 30 దినాలది ఇయ్యాలె. పని బంద్ అయిన 14 దినాలల్ల లెక్క తేల్చాలె. రూల్ అది, అయినా చెయ్యికి వచ్చినదాక నమ్మకుండ్రి. అప్పటిదాక సరిపోయే బట్టలు, వండుకునే గిన్నె ఒకటి దగ్గర పెట్టుకోమనుండ్రి. మా ఆయన కుక్కరు పంపేసి, ఇప్పుడు నందిపేట తమ్ముని కుక్కర్ల వండుకుంటున్నడు. లెక్క తేల్తే టికెట్ తీస్తడు.

మార్కులంటే ఐదుకు నాలుగు ఇస్త. సామాను ఒక్కటి కూడ పోలే, పగులలే, గోదాంల పిల్ల మంచిది, డ్రైవర్లు ముందుగాల ఫోన్ చేస్తరు. ఒక్క మార్కు తీసింది ఆ తాడు కోసి చెప్పకపోయినందుకు, బస్టాండ్ కాడికి పిలుస్తున్నందుకు. పెట్టె మీద పేరు, ఊరు, మండలం, పిన్ కోడ్, రెండు ఫోన్ నంబర్లు నాలుగు దిక్కులా మార్కర్ తోటి రాయమనుండ్రి, అదే చీటి లోపల కూడ ఒకటి పెట్టమనుండ్రి. పైన రాసింది ఓడల తడిసి అలుక్కపోయిన పెట్టెలు గోదాంల నేను చూసిన.